నీకేం తక్కువ అనేవాళ్లే గానీ, నిద్ర పడుతోందా అని అడిగేవాళ్లేరి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటిని ఒకచోట ఇస్తున్నాం. రాసినవాళ్లు వేరు, ఊళ్లు వేరు, కానీ బాధ ఒకటే. పైకి కనిపించే మనిషి ఒకరు, లోపల నలిగిపోతున్న మనిషి ఇంకొకరు. పేర్లు వేయడం లేదు, గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాం.

ప్రశ్న: మేడమ్ గారూ, ఈ మధ్య ఎవర్ని చూసినా డిప్రెషన్ అంటున్నారు. మా బంధువులమ్మాయి ఒకతి ఉంది, కర్నూల్లోనే మంచి ఉద్యోగం, పెళ్లిళ్లకు వస్తే అందరికంటే ముందు డాన్సు చేసేది తనే, వాట్సాప్ స్టేటస్ చూస్తే రోజుకొక ఫొటో. అలాంటి పిల్ల మానసిక డాక్టరు దగ్గర మందులు వాడుతోందని తెలిసి మా ఇంట్లో అందరం నోరెళ్లబెట్టాం. నిజంగా జబ్బున్న మనిషి అట్లా ఉండగలదా? మా కాలంలో ఇంతకు పదింతలు కష్టాలు పడ్డాం, ఎవరూ డాక్టరు దగ్గరికి పోలేదు. తప్పుగా అనుకోకండి, తెలుసుకుందామనే అడుగుతున్నా.
– ఒక గృహిణి, కర్నూలు

జవాబు: ఉండగలదమ్మా. చాలామంది అడక్కుండానే తీర్పు చెప్పేస్తారు, మీరు అడిగారు, అది నాకు నచ్చింది.

పెళ్లిలో డాన్సు చేసింది మహా అయితే రెండు గంటలు. ఆ రెండు గంటల కోసం ఆ పిల్ల ఎంత ఓపిక కూడగట్టుకుందో, ఇంటికొచ్చి చీర కూడా మార్చుకోకుండా మంచం మీద ఎట్లా వాలిపోయిందో, మర్నాడు ఆఫీసుకు ఏం చెప్పి సెలవు పెట్టిందో మీరు చూడలేదు, నేనూ చూడలేదు. స్టేటస్ పెట్టడానికి అర నిమిషం చాలు. మిగిలిన రోజంతా ఎట్లా గడిచిందో ఆ ఫొటోలో ఉండదు.

డిప్రెషన్ అంటే పొద్దస్తమానం ఏడుస్తూ మూల కూర్చోవడం అనుకుంటాం. డాక్టర్లు చూసేది కనీసం రెండు వారాలపాటు, దాదాపు ప్రతిరోజూ ఉండే కొన్ని లక్షణాలు: మనసు కుంగిపోయి ఉండటం, ఇదివరకు ఇష్టంగా చేసినవాటి మీద ఇష్టం పోవడం, నిద్ర, ఆకలి తప్పడం, చిన్న పనికే అలసిపోవడం, ఏదీ తలకెక్కకపోవడం, నేనెందుకూ పనికిరానన్న ఆలోచన, బతకాలని లేకపోవడం. వీటిలో ఏ ఒక్కటీ పట్టుచీర కట్టుకుని నవ్వుతున్న మనిషి మొహంలో కనపడాలని లేదు. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేశారు. పెద్దవాళ్లలో ఇరవై మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడ్డవాళ్లేనని అందులో తేలింది. మీరు పోయిన పెళ్లికి రెండొందల మంది వచ్చి ఉంటే ఆ లెక్కన పదిమంది. ఆ పదిమంది ఎవరో మీకు తెలిసిందా? అదే సర్వేలో ఇంకో సంగతి కూడా బయటపడింది, మానసిక సమస్యలున్నవాళ్లలో, సమస్యను బట్టి, 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. మీ బంధువులమ్మాయి ఆ అందినవాళ్లలో ఉంది. సంతోషించాల్సిన విషయం.

మీ కాలంలోనూ ఈ బాధలు ఉన్నాయమ్మా. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు, దర్గాకు తీసుకుపోయారు, నరాల బలహీనత అని టానిక్కులు తాగించారు. నెలల తరబడి నోరు విప్పని కోడలికి మొండిదని పేరు పెట్టారు. కొందరి సంగతులు ఊళ్లో గుసగుసగా చెప్పుకుని వదిలేశారు. వాళ్లకు డాక్టరు దొరికి ఉంటే ఎంతమంది బాగుపడేవాళ్లో.

ఒక్క మాట గట్టిగానే చెప్తున్నా, ఏమనుకోవద్దు. ఆ పిల్ల మందులు వాడుతున్న సంగతి మీ ఇంటిల్లిపాదికీ ఎట్లా తెలిసింది? తనే చెప్పి ఉంటే సరే. వేరే ఎవరో చెప్పి ఉంటే ఆ మాట మీ ఇంటి దగ్గరే ఆగిపోనివ్వండి. ఈసారి కనిపించినప్పుడు మందుల ఊసెత్తకుండా, పక్కన కూర్చోబెట్టుకుని కాఫీ ఇచ్చి, తను మాట్లాడితే వినండి చాలు.

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. మా ఆయన కువైట్‌లో హౌస్ డ్రైవరు, పోయి ఆరేళ్లయింది, మధ్యలో రెండుసార్లు వచ్చిపోయాడు. రెండంతస్తుల ఇల్లు కట్టినాం, మెట్లకు గ్రానైటు, ముందర స్టీలు గేటు. ఆ ఇంటిని చూసి అందరూ "నీకేం మ్మే, కువైట్ లెక్క వస్తాంది" అంటారు. ఇంటికోసం తెచ్చిన అప్పు ఇంకా సగం కూడా తీరలేదు, నూటికి రెండు రూపాయల వడ్డీ. నా నగలన్నీ బ్యాంకులో ఉన్నాయి. మొన్న మా చిన్నాయన కూతురి పెళ్లికి వన్ గ్రామ్ గోల్డ్ హారం వేసుకుని పోయినా. ఈ ఊర్లో పుట్టినోళ్లకు బంగారం చూస్తానే తెలిసిపోతుందని, పైట కొంగు దాని మీదికి లాక్కుంటూ కూర్చున్నా. అందరితో నవ్వినా, ఫొటోలు దిగినా. ఇంటికొచ్చి బాత్రూంలో ట్యాపు తిప్పి ఏడ్చినా.

తెల్లవారుజామున మూడు గంటలకు మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. పొద్దున లేసి పిల్లలకు క్యారియర్ కట్టాలంటే చేతులాడవు. సాయంత్రానికి రోంత తేలికవుతుంది. సంక్రాంతి నుంచి ఇదే వరస. రాత్రి పదకొండుకు ఆయన ఇమోలో వీడియో కాల్ చేస్తాడు. అంతకుముందే మొహం కడుక్కుని, పౌడరు పూసుకుని, బొట్టు పెట్టుకుని కూర్చుంటా. బాగుండావా అంటాడు, బాగుండా అంటా. పోయిన నెల వాళ్ల పక్క ఊరి మనిషి లీవులో వచ్చి, మీ ఆయనకు మూడు నెలలుగా జీతం రాలేదు, నీకు తెలీదా అన్నాడు. ఆయన నాతో ఒక్క మాట అనలేదు. మరి డబ్బు ఎట్లా పంపుతున్నాడో, ఎవరి దగ్గర అప్పు చేశాడో. ఒక్కోసారి నేను లేకపోయినా ఈ ఇల్లు నడుస్తుంది కదా అనిపిస్తుంది. మా అత్తకు చెప్తే, తిని కూర్చుంటే ఇట్లే ఉంటుంది అనింది. ఏం చేయాలక్కా?
– ఓ చెల్లెలు, ప్రొద్దుటూరు

జవాబు: చెల్లెమ్మా, ముందు ఒక్క వాక్యం సంగతి మాట్లాడతా. "నేను లేకపోయినా ఈ ఇల్లు నడుస్తుంది" అని రాశావు. జీతం గొడవకూ అత్త మాటకూ మధ్యలో దాన్ని ఇరికించి ముందుకెళ్లిపోయావు గానీ నాకు అన్నిటికంటే అదే ముఖ్యం. అట్లా అనిపించినప్పుడు చచ్చిపోవాలన్న ఆలోచన కూడా వస్తోందా? వస్తుంటే ఇది చదవడం ఆపి 14416కు ఫోన్ చెయ్యి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన లైను, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. నీకు మెలకువ వచ్చే ఆ మూడు గంటలప్పుడు కూడా ఎత్తుతారు. ఆలోచన అంతదాకా పోకపోయినా చెయ్యొచ్చు. నీ ఊరు, నీ ఇంటిపేరు తెలిసినవాళ్లెవరూ అవతల ఉండరు కాబట్టి మొదటిసారి నోరు విప్పడానికి కాస్త సులువుగా ఉంటుంది.

ఇక నువ్వు రాసిన నిద్ర సంగతి. తెల్లవారుజామున మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోవడం, పొద్దున పూట కాళ్లూచేతులూ ఆడకపోవడం, సాయంత్రానికి కాస్త తేలికవడం, ఇవి కలిసి నెలల తరబడి ఉన్నాయంటే ఏ డాక్టరైనా డిప్రెషన్ ఉందేమోనని చూస్తారు. ఇందులో ఇంకో కిటుకు ఉంది. పెళ్లి రిసెప్షన్లు, పేరంటాలు, మీ ఆయన వీడియో కాల్, అన్నీ సాయంత్రం తర్వాతే. అంటే జనం నిన్ను చూసేదంతా నీకు కాస్త ఓపిక ఉన్న పూట. మీ అత్త నిన్ను పొద్దున చూసి బద్ధకం అనుకుంటుంది, సాయంత్రం చూసి పొద్దుటిదంతా నటన అనుకుంటుంది. ఆమె చెడ్డది కాకపోవచ్చు, ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

కడప రిమ్స్‌లో మానసిక వైద్య విభాగం ఉంది, ప్రభుత్వాసుపత్రి కాబట్టి చూపించుకోవడానికి ఫీజు ఉండదు. ప్రొద్దుటూరులో ఎవరైనా చూస్తారని భయమైతే కడపకు బస్సెక్కడమే నయం. మొదట ఒక రక్తపరీక్ష రాస్తారు, థైరాయిడ్ తగ్గినా రక్తం తక్కువున్నా మనిషి ఇట్లాగే నీరసపడి కుంగిపోతుంది, అవి లేవని చూసుకోవాలి. డిప్రెషన్ మందు రాస్తే మొదటి వారంలో ఏమీ తేడా కనిపించదు, పైగా కాస్త వికారంగా కూడా ఉండొచ్చు, రెండు నుంచి నాలుగు వారాలకు గుణం కనిపిస్తుంది. చాలామంది పది రోజులు మింగి ఇదేం పనిచేయలేదని మానేస్తారు, నువ్వు ఆ పని చెయ్యొద్దు. తగ్గాక కూడా డాక్టరు చెప్పినన్ని నెలలు వాడాలి, ఒక్కసారిగా ఆపకూడదు. నీ చికిత్స సంగతి నీ అనుమతి లేకుండా బయటికి చెప్పకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఉంది, కాబట్టి ఊరంతా తెలిసిపోతుందని ఆగొద్దు.

మందు వడ్డీ కట్టదు, అది నాకూ తెలుసు. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. బ్యాంకులో బంగారం మీద అప్పు అంతకంటే చాలా తక్కువకు వస్తుంది, కాబట్టి నగలు బ్యాంకులో ఉండటంలో నువ్వు కొంగు కప్పుకోవాల్సినంత సిగ్గేమీ లేదు. ఊళ్లో ఎన్ని ఇళ్ల నగలు బ్యాంకుల్లో ఉన్నాయో ఆ బ్యాంకువాళ్లను అడిగితే తెలుస్తుంది. ముందు తీరాల్సింది ఆ ప్రైవేటు అప్పు. ఎంత తెచ్చారు, ఎంత కట్టారు, ఇంకెంత ఉంది, ఒక కాగితం మీద రాసుకో. రాసుకోవడానికే భయం వేస్తుంది, తెలుసు. అయినా తల్లో తిరిగే అప్పు కంటే కాగితం మీద అప్పు ఎప్పుడూ చిన్నదిగానే ఉంటుంది.

అసలు సంగతి మీ ఆయనతో మాట్లాడటం. ఇక్కడ పదకొండు అంటే అక్కడ ఎనిమిదిన్నర. ఆయన కూడా డ్యూటీలో అలిసిపోయి, నీ ఫోన్ కోసం మొహం కడుక్కునే కూర్చుంటాడేమో. నువ్వు పౌడరు పూసుకుని బాగుండా అంటావు, ఆయన జీతం రాని సంగతి మింగి బాగుండా అంటాడు. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉండే ఇద్దరూ దాస్తున్నారు, అది నాకు కనిపిస్తూనే ఉంది. కానీ ఒక్కొక్కరు ఒంటరిగా మోస్తున్నారు, అదే మిమ్మల్ని పిండేస్తోంది. ఆయనకు సెలవు దొరికిన రోజు చూసి, పిల్లలు బడికెళ్లాక, వీడియో వద్దు, మామూలు ఫోనే చెయ్యమను. మొహం కనిపిస్తే ఇద్దరికీ మళ్లీ నవ్వాలనిపిస్తుంది. జీతం సంగతి నాకెందుకు చెప్పలేదు అని మొదలుపెట్టొద్దు, ఆయన వెంటనే ముడుచుకుపోతాడు. నీది చెప్పు ముందు. "నాకు సంక్రాంతి నుంచి నిద్ర లేదు, పొద్దున లేస్తే చేతులాడడం లేదు, డాక్టరు దగ్గరికి పోతున్నా, నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నా" అని అను. ఆ తర్వాత ఆయన చెప్పేది ఆయనే చెప్తాడు. ఒక్క ఫోన్‌తో అంతా బయటికి రాకపోతే కంగారుపడకు. జీతం నిజంగా ఆగి ఉంటే విదేశాంగ శాఖ వాళ్ల మదద్ అనే పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, అక్కడ మన ఎంబసీని కలవొచ్చు. ఎంబసీకి పోతే యజమాని ఏమంటాడోనని ఆయన భయపడుతుంటే ఆ భయం కూడా నిజమైందే, ముందు అక్కడి మనవాళ్లతో మాట్లాడుకుని అడుగేయమను.

ఇక్కడ నీ పక్కన కూడా ఒకళ్లుండాలి. అమ్మో, అక్కో, చిన్నప్పటి స్నేహితురాలో, చెప్తే ఊరంతా టాంటాం వేయని మనిషి ఒక్కరు చాలు. ఆసుపత్రికి తోడుకు ఆమెనే తీసుకుపో.

ప్రశ్న: నమస్కారం. నాది ఆదోని, పత్తి వ్యాపారుల దగ్గర గుమస్తాను, వయసు 47. ఏడాదిగా గుండెల్లో మంట, దడ, మెడ నరాలు లాగడం, తిన్నది అరగకపోవడం. ఈసీజీ, ఎకో, ఎండోస్కోపీ, కడుపు స్కానింగ్, అన్నీ అయినాయి, ఆదోనిలో, కర్నూల్లో, ఒకసారి హైదరాబాద్‌లో కూడా. అన్నీ నార్మల్. ఆఖరికి ఒక డాక్టరు మానసిక వైద్యుడికి చూపించమన్నాడు. నాకు కోపమొచ్చింది. నేనేమన్నా పిచ్చోణ్ణా? మనిషిని పుష్టిగానే ఉంటా, మార్కెట్లో అందరితో గట్టిగా మాట్లాడతా. ఇంట్లోవాళ్లేమో ఏమీ లేదన్నారు కదా, ఊరికే పెద్దది చేస్తున్నావు అంటారు. నిద్ర కోసం మందుల షాపులో ఒక మాత్ర తెచ్చుకుని ఎనిమిది నెలలుగా వేసుకుంటున్నా. అన్నట్టు మా అమ్మ పోయి ఏడాదిన్నరయింది, అమ్మాయి పెళ్లి అప్పు కూడా ఉంది, వాటికీ దీనికీ సంబంధం లేదనుకోండి.
– ఆదోని పాఠకుడు

జవాబు: అన్నా, సంబంధం లేదనుకుంటే ఉత్తరం చివర ఆ రెండూ రాసేవారు కాదు.

మీ నొప్పి నిజం. మీరు నటించడం లేదు, పెద్దది చేయడం లేదు. రిపోర్టు నార్మల్ అంటే గుండె కండరంలో, కడుపు గోడలో దెబ్బ కనిపించలేదని అర్థం, మీకు బాధ లేదని కాదు. టెన్షన్ ఎక్కువ రోజులు లోపల ఉండిపోతే గుండె వేగంగా కొట్టుకుంటుంది, మెడా భుజాలూ బిగుసుకుపోతాయి, పేగుల కదలిక మారిపోతుంది, కడుపులో మంట వస్తుంది. మగవాళ్లలోనూ ఇది చూస్తాం. కన్నతల్లి పోయినా పదకొండో రోజు వరకూ వంటలు, బంధువులు, ఖర్చులు చూసుకుంటూ తిరిగారే తప్ప కూర్చుని ఏడవడానికి మీకు ఎవరైనా టైమిచ్చారా? పన్నెండో రోజు మార్కెట్‌కు పోయుంటారు. ఏడవని ఏడుపు ఛాతీలో కూర్చుంది.

మానసిక డాక్టరు దగ్గరికి పోతే పిచ్చోడని కాదు. కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఓపీ దగ్గర ఒక పూట కూర్చుని చూడండి, తలనొప్పి అని వచ్చినవాళ్లు, గ్యాస్ అని వచ్చినవాళ్లు, నిద్ర లేదని వచ్చినవాళ్లు, మీలాంటివాళ్లే. ఫైలంతా తీసుకుపోండి, అవే పరీక్షలు మళ్లీ చేయించకుండా ఉంటుంది. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఛాతీ నొప్పి ఇదివరకటిలా కాకుండా కొత్తగా, చెమటలతో, ఎడమ చేతికి పాకుతూ వస్తే దాన్ని టెన్షన్ ఖాతాలో వేయకుండా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఆ నిద్రమాత్ర సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. ఆల్ప్రజోలం లాంటివైతే నెలల తరబడి వాడితే అలవాటు పడిపోతాయి, అట్లాగని మీ అంతట మీరు రేపే ఆపేయొద్దు, ఉన్నట్టుండి ఆపితే వణుకు, విపరీతమైన ఆందోళన, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు కొద్దికొద్దిగా తగ్గిస్తారు. డిప్రెషన్‌కు, ఆందోళనకు ఇచ్చే మందులు వేరే రకం, వాటికి ఈ నిద్రమాత్రల్లాంటి వ్యసనం ఉండదు. రెండూ ఒకటే అనుకుని చాలామంది మంచి మందుకు భయపడి షాపులో దొరికేదాన్ని మాత్రం మింగుతుంటారు.

ప్రశ్న: మేడమ్, అనంతపురం దగ్గర ఒక హైస్కూల్లో టీచర్ని. మా స్టాఫ్‌లో ఒక సారు, అందరికంటే సరదా మనిషి. స్టాఫ్‌రూంలో నవ్వులు వినిపిస్తే ఆయన లోపల ఉన్నట్టే. ఎవరింట్లో ఏం జరిగినా ముందు ఉండేది ఆయనే. నెల కిందట ఆత్మహత్యాప్రయత్నం చేశారు. బతికారు, ఆ దేవుడి దయ. అంతకుముందు రోజు కూడా మమ్మల్ని నవ్వించారు. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ ఆఖరి వారంలో ఎందుకో చాలా ప్రశాంతంగా ఉన్నారు, నా దగ్గర తీసుకున్న చేబదులు అడక్కుండానే ఇచ్చేశారు, పాత పుస్తకాలన్నీ లైబ్రరీకి ఇచ్చేశారు. పక్క కుర్చీలో కూర్చుని కూడా కనిపెట్టలేకపోయానని నిద్ర పట్టడం లేదు. వచ్చే సోమవారం డ్యూటీలో చేరుతున్నారు. ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు? పోలీసు కేసు అవుతుందేమోనని వాళ్లింట్లో భయపడుతున్నారు కూడా.
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: తమ్ముడూ, మీరు చెప్పిన మూడూ, ఉన్నట్టుండి వచ్చిన ప్రశాంతత, బాకీలు తీర్చేయడం, ఇష్టమైన వస్తువులు ఇచ్చేయడం, ఈ రంగంలో ఉన్నవాళ్లు జాగ్రత్తపడమని చెప్పే గుర్తులే. కానీ అవి గుర్తులని మీకు ఎవరు నేర్పారు? చేబదులు తిరిగిస్తే ఎవరైనా సంతోషిస్తారు. ఆయన దాచాలనుకున్నారు, బాగా దాచారు. మీ అనంతపురంలో బోర్లు చూసే ఉంటారు, పైపులో నీళ్లు పడుతున్నంతకాలం లోపల నీటిమట్టం ఎంత దిగిందో పైనున్నవాళ్లకు తెలీదు. అందర్నీ నవ్వించేవాళ్లతో అదే చిక్కు. ఎవరి బాధ వచ్చినా ఆయన దగ్గర దించుకుంటారు, ఆయన దించుకునే చోటు ఒకటి ఉండాలని ఎవరికీ తోచదు, ఆయన నోరు తెరిచినా ఇది కూడా జోకే అనుకుని నవ్వుతారు. ఇందులో మీ ఒక్కరి తప్పంటూ లేదు. మీకు నిద్ర పట్టకపోవడం ఇట్లాగే సాగితే మీరు కూడా ఎవరితోనైనా మాట్లాడండి, 14416 మీకు కూడా.

కేసు గురించి వాళ్ల కుటుంబానికి ధైర్యం చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాప్రయత్నాన్నే నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షన్ లాంటిది లేదు. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు అని రాసుకుని పోలీసులకు తెలియజేస్తారు, అంతమాత్రాన శిక్ష పడుతుందని కాదు.

సోమవారం సంగతి. పూలబొకే వద్దు, అందరూ వరసగా వచ్చి చెయ్యి పట్టుకోవడం వద్దు, ఆయన లోపలికి రాగానే స్టాఫ్‌రూం అంతా నిశ్శబ్దం అయిపోవడం అసలే వద్దు. మీ కుర్చీ ఆయన కుర్చీ పక్కనే ఉండనివ్వండి, మధ్యాహ్నం క్యారియర్ ఎప్పటిలా కలిపి విప్పండి. మీరొచ్చినందుకు సంతోషం సార్ అంటే చాలు. "మీకేం తక్కువ సార్", "పిల్లల మొహం గుర్తు రాలేదా", "ఇంత చదువుకుని ఇదేం పని", ఈ మూడు మాటలూ ఎవరో ఒకరు అంటారు, ప్రేమతోనే అంటారు, అయినా అవి సూదుల్లా దిగుతాయి. హెచ్‌ఎం గారితో ముందే మాట్లాడి, అట్లా అనేవాళ్లు ఎవరో మీకు తెలిసే ఉంటుంది కాబట్టి, వాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి. జోకులు వేయమని అడగొద్దు. ఆయన మౌనంగా కూర్చుంటే కూర్చోనివ్వండి, ఇన్నేళ్ల తర్వాత ఆ బడిలో ఆయనకు మౌనంగా ఉండే హక్కు దొరకాలి. కొన్నాళ్లు అదనపు డ్యూటీలు, ఆఫీసు పనులు వేరేవాళ్లు పంచుకుంటే మేలు. పిల్లలు అడిగితే సారుకు ఆరోగ్యం బాగాలేక సెలవులో ఉన్నారు, ఇప్పుడు వచ్చారు అనండి, అది అబద్ధం కాదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి మూడు నెలలు, అందులోనూ మొదటి వారాలు, మళ్లీ ప్రమాదం ఎక్కువగా ఉండే కాలం. మందు మొదలుపెట్టాక కొందరికి మనసు తేలికపడకముందే ఒంట్లో ఓపిక వస్తుంది, అప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కాబట్టి నవ్వారు, మామూలైపోయారు అని పదో రోజుకే వదిలేయొద్దు. మీరొక్కరే ఉన్నప్పుడు, బడి వదిలాక నడుచుకుంటూ పోతున్నప్పుడు, సూటిగా అడగండి: "సార్, చనిపోవాలన్న ఆలోచన ఇంకా వస్తోందా?" అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడతాం, అట్లా జరగదు, ఈ ప్రశ్న అడిగితే ఆ ఆలోచన పెరగదని పరిశోధనల్లో తేలింది. చాలామందికి అది విన్నప్పుడే గుండె బరువు తగ్గుతుంది, హమ్మయ్య ఒకరు అడిగారు అని. లేదు అంటే సరే అని వదిలేసి, వారం తర్వాత మళ్లీ అడగండి. వస్తోంది అంటే ఉపన్యాసం మొదలుపెట్టొద్దు, వినండి, ఆ రోజు ఆయన్ను ఒంటరిగా వదలొద్దు, ఆయన్ను చూస్తున్న డాక్టరు దగ్గరికి ఆరోజే తీసుకుపోండి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నా సరే, ఈ ఒక్క విషయంలో ఆ ఒట్టు లెక్కలోకి రాదు.

వాళ్లింట్లో వాళ్లకు చెప్పాల్సింది ఇంకోటుంది. మందులన్నీ ఆయన చేతికివ్వకుండా ఏ పూటవి ఆ పూట ఆయన భార్యే ఇవ్వాలి. పొలం ఉంటే పురుగుమందులు ఇంట్లో పెట్టకూడదు, వేరే చోట తాళం వేసి తాళంచెవి వేరేవాళ్ల దగ్గర ఉంచాలి. అట్లాంటి తీవ్రమైన ఆలోచన చాలాసార్లు కొద్దిసేపే గట్టిగా ఉండి తగ్గిపోతుంది, ఆ కొద్దిసేపు చేతికందేది ఏదీ లేకపోతే మనిషి దక్కుతాడు. ఇది మీరు చెప్తే బాగుండదనుకుంటే డాక్టరు చేత చెప్పించండి. సోమవారం లోపల ఇంకో పని చేయండి, ఆవిడ నంబరు మీ దగ్గర, మీ నంబరు ఆవిడ దగ్గర ఉన్నాయో లేదో చూసుకోండి, రాత్రి ఏ వేళకైనా ఫోన్ చేయొచ్చని ఆవిడకు మీరే స్వయంగా చెప్పి రండి.